అభిమానం ముదిరితే ఏమనాలి?

ప్రశ్న: వీరాభిమాని, ఛాందసుడు, మతోన్మాది అనే మాటలను ఒకే అర్థంలో వాడవచ్చునా?

జవాబు: వాడకూడదు. ఛందస్సు అంటే వేదం కనుక, ఛాందసుడంటే మొదట వేదం చదివినవాడనే గౌరవార్థమే ఉండేది. కాలం మారినా తాను మారనివాడని ఎత్తిపొడిచే మాటగా అది తర్వాత దిగజారింది. పాపం, ఆ మాట చేసిన తప్పేమీ లేదు. ఉన్మాదం ఆయుర్వేదంలో మతి చలించే రోగానికి పేరు కాబట్టి, మతోన్మాది అన్నప్పుడు వర్ణనతో పాటు నింద కూడా చేస్తున్నాము. ‘వీర’ శబ్దం మాత్రం చిత్రమైనది. వీరశైవంలో అది రాజీలేని నిష్ఠను చెప్పగా, నేడు కటౌటుకు పాలాభిషేకం చేసే కుర్రవాడు కూడా వీరాభిమానే. వీరవిధేయుడు అన్నామా, అందులో వెటకారం వినిపిస్తుంది.

మరి ఒక కన్ను పెకలించి శివుడికి అమర్చి, రెండో కంటి చోటు గుర్తుండేందుకు లింగంపై కాలు మోపిన శ్రీకాళహస్తి కన్నప్పను ఏమనాలి? మనవాళ్లు పరమభక్తుడన్నారు. అదే పని పరాయి మతంవాడు చేస్తే మనం ఏ మాట వెతుక్కునేవాళ్లమో, నాకు అనుమానమే.