ప్రోటీన్ బరువు పెరిగింది సరే, ఎక్కడ పెరిగినట్టు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ప్రశ్న: నాకు చాలా ఏళ్లుగా మధుమేహం ఉంది. మూడు నెలలకోసారి చేయించుకునే హెచ్‌బీఏ1సీ పరీక్షలో హీమోగ్లోబిన్‌కు అంటుకున్న చక్కెరను కొలుస్తారని డాక్టరు గారు చెప్పారు. ప్రోటీన్ల మీద వచ్చే రసాయన మార్పులను మాస్ స్పెక్ట్రోమీటర్‌తో పట్టుకుంటారని ఎక్కడో చదివాను. మా రక్తాన్ని కూడా ఆ యంత్రంలోనే పరీక్షిస్తారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, కాకినాడ

జవాబు: మామూలు ల్యాబుల్లో అలా చేయరు. అక్కడ రక్తంలోని పదార్థాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీ పరికరంతోనో, యాంటీబాడీలతో పనిచేసే కిట్‌తోనో కొలుస్తారు. అయితే ఆ పరికరాలు చూపే అంకెలను సరిచూసుకోవడానికి ఆధారమైన ప్రామాణిక పద్ధతి ఒకటి ఉంది. అంతర్జాతీయ క్లినికల్ కెమిస్ట్రీ సమాఖ్య ఆమోదించిన ఆ పద్ధతిలో అణువుల బరువును తూచే మాస్ స్పెక్ట్రోమీటర్‌కు చోటుంది. అంటే మీ రిపోర్టులోని అంకెకు, ఆ యంత్రానికి దూరపు చుట్టరికం ఉన్నట్టే.

హీమోగ్లోబిన్‌లో రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు ఉంటాయి, ఒక్కొక్కటి అమైనో ఆమ్లాల దండ. బీటా గొలుసు బరువు సుమారు 15,867 డాల్టన్లు. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు ఇంచుమించు ఒక డాల్టన్ అనుకోండి. రక్తంలోని గ్లూకోజ్ ఏ ఎంజైమ్ సాయమూ లేకుండా తనంతట తానే ఈ గొలుసుకు అంటుకుంటుంది, అప్పుడు దాని బరువు 162 డాల్టన్లు పెరిగి 16,029 అవుతుంది. ఎర్ర రక్తకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కనుక అంతకాలం పాటు ఇలా అంటుకున్న చక్కెర అందులో నిలిచి ఉంటుంది. గొలుసును మొత్తంగా తూచినా ఈ తేడా స్పష్టంగానే తెలుస్తుంది. చిక్కు వేరే చోట ఉంది. గ్లూకోజ్ గొలుసు మొదట్లో ఉన్న అమైనో ఆమ్లం వాలీన్‌కే కాక, మధ్యలో ఉన్న కొన్ని లైసిన్లకు కూడా అంటుకుంటుంది, హెచ్‌బీఏ1సీ లెక్కలోకి వచ్చేది మాత్రం మొదటి వాలీన్‌కు అంటుకున్నదే. మొత్తం గొలుసును ఎంత కచ్చితంగా తూచినా ఆ 162 ఎక్కడ చేరిందో తెలియదు.

అందువల్ల ప్రామాణిక పద్ధతిలో గ్లూ-సి అనే ఎంజైమ్‌తో బీటా గొలుసు మొదటి ఆరు అమైనో ఆమ్లాల ముక్కను కోసి వేరుచేస్తారు. రెండు ధనావేశాలున్న ఆ ముక్క చక్కెర లేనప్పుడు 348.2 దగ్గర, చక్కెర ఉన్నప్పుడు 429.2 దగ్గర కనిపిస్తుంది. యంత్రం చూపేది బరువును ఆవేశాల సంఖ్యతో భాగించిన విలువ కాబట్టి తేడా 162 కాకుండా అందులో సగం, అంటే 81 వచ్చింది. ఈ రెండు ముక్కలు ఒకే తీరుగా అయాన్లుగా, అంటే ఆవేశమున్న కణాలుగా, మారవు కనుక, తెలిసిన నిష్పత్తుల్లో కలిపిన శుద్ధ నమూనాలతో ముందుగా యంత్రాన్ని సరిచేసుకున్నాకే రెంటి నిష్పత్తిని లెక్కిస్తారు. మధుమేహ నిర్ధారణకు హద్దుగా చెప్పే 6.5 శాతం ఈ పద్ధతి కొలమానంలో 48 మిల్లీమోల్/మోల్ అవుతుంది. ఒక మాట అదనంగా చెప్పాలి. మన ఏజెన్సీ ప్రాంతాల గిరిజనుల్లో కనిపించే సికిల్ సెల్ హీమోగ్లోబిన్‌లో ఆరో స్థానంలో గ్లుటామిక్ ఆమ్లానికి బదులు వాలీన్ ఉంటుంది కనుక ఎంజైమ్ కోత ఒక స్థానం అవతలికి జరుగుతుంది. సికిల్ సెల్ లక్షణం ఉన్నవారు హెచ్‌బీఏ1సీ ఫలితాన్ని డాక్టరుకు ఆ సంగతి చెప్పి చూపించుకోవాలి.

ప్రశ్న: ప్రోటీన్‌కు ఫాస్ఫేటు చేరితే 80 డాల్టన్లు, ఎసిటైల్ చేరితే 42 డాల్టన్లు పెరుగుతాయని పాఠంలో చెప్పారు. పెరిగిన బరువును బట్టి అది ఏ అమైనో ఆమ్లానికి చేరిందో ఎలా చెబుతారు? రెండు వేర్వేరు మార్పుల బరువు ఒకటే అయితే ఏం చేస్తారు?
– ఎమ్మెస్సీ విద్యార్థిని, వరంగల్

జవాబు: మీ మొదటి ప్రశ్నకు జవాబు ముక్కలు చేయడంలోనే ఉంది. ముందు ట్రిప్సిన్ ఎంజైమ్‌తో ప్రోటీన్‌ను లైసిన్, ఆర్జినిన్‌ల తర్వాత కోసి పెప్టైడ్లు అనే చిన్న ముక్కలుగా మారుస్తారు. ఆ పెప్టైడ్లను అయాన్లుగా ఎగరేసే విద్యకే 2002లో జాన్ ఫెన్, కొయిచి తనాకాలకు రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. యంత్రం ఒక పెప్టైడ్‌ను ఎంచుకుని, వాయువు అణువులతో ఢీకొట్టించి మళ్లీ విరగగొడుతుంది. ఒకే రకమైన పూలదండలు చాలా తీసుకుని, ఒక్కొక్క దండను ఒక్కొక్క చోట తెంపి, కుడి ముక్కలనూ ఎడమ ముక్కలనూ విడివిడిగా తూచినట్టే ఇదీ. వరుసగా రెండు ముక్కల బరువుల మధ్య తేడా 87.03 ఉంటే అక్కడ ఉన్నది సెరీన్, 167.00 ఉంటే అక్కడ ఉన్నది ఫాస్ఫేటు చేరిన సెరీన్.

కాగితం మీద ఇది ఎంత తేలికో ప్రయోగశాలలో అంత తేలిక కాదు. ఢీకొట్టినప్పుడు గొలుసు విరగడానికి ముందే ఫాస్ఫేటు, ఫాస్ఫారిక్ ఆమ్లంగా 98 డాల్టన్ల బరువుతో ఊడిపోవచ్చు. పక్కపక్కనే రెండు సెరీన్లు ఉంటే ఆ రెంటి నడుమ తెగిన ముక్క కనిపించినప్పుడే ఫాస్ఫేటు దేనిపై ఉందో తేలుతుంది, కనిపించకపోతే సాఫ్ట్‌వేర్ ఒక సంభావ్యతను మాత్రమే ఇస్తుంది. ఆ సంభావ్యత తక్కువగా ఉన్న స్థానాలను కూడా ఖాయమైనవిగా పట్టికల్లో చేర్చడం నాకు నచ్చదు. ఊడిపోయే గుణమున్న మార్పుల కోసం ఎలక్ట్రాన్లను అందించి గొలుసును తెంపే ఈటీడీ పద్ధతి 2004 నుంచి అందుబాటులో ఉంది. అందులో ఫాస్ఫేటు చాలావరకు ఉన్నచోటే ఉంటుంది. ఇక ఫాస్ఫేటు చేరిన పెప్టైడ్లు మిగతావాటి నడుమ బహు తక్కువ కాబట్టి టైటానియం డయాక్సైడ్ వంటి పదార్థంతో ముందే వాటిని ఏరుకోవాలి.

మీ రెండో ప్రశ్న ఇంకా మంచిది. డీఎన్ఏ చుట్టుకుని ఉండే ప్రోటీన్ల్లో ఒకటైన హిస్టోన్ హెచ్3లో తొమ్మిదో లైసిన్‌ను చూడండి. దానికి ఎసిటైల్ చేరడం జన్యువు చురుకుగా ఉన్న చోట కనిపించే గుర్తు, మూడు మిథైళ్లు చేరడం జన్యువు మూతపడ్డ చోట కనిపించే గుర్తు. అర్థాలు పూర్తిగా ఎదురు, బరువు మాత్రం రెంటికీ 42. దశాంశాల్లోకి వెళితే ఎసిటైల్ 42.0106, మూడు మిథైళ్లు 42.0470. తేడా 0.0364 డాల్టన్లు. ఆ లైసిన్ ఉన్న పెప్టైడ్ బరువు సుమారు 942.5 కనుక పది లక్షల్లో 39 వంతుల తేడా అన్నమాట. పాత యంత్రాలు చాలావాటికి ఇది అందేది కాదు, 2005లో మార్కెట్‌కు వచ్చిన ఆర్బిట్రాప్ తరహా యంత్రాలకు సులువుగా అందుతుంది. పైగా ముక్కలు కూడా సాక్ష్యమిస్తాయి: ఎసిటైల్ లైసిన్ నుంచి 126.09 దగ్గర ఒక చిన్న అయాన్ వస్తుంది, మూడు మిథైళ్ల లైసిన్ 59 డాల్టన్ల ట్రైమిథైల్ అమీన్‌ను కోల్పోతుంది.

అన్ని జంటలూ ఇంత సౌమ్యంగా విడిపోవు. ఫాస్ఫేటుకు, సల్ఫేటుకు మధ్య తేడా 0.0095 మాత్రమే. 162 పెరిగిందంటే ఆరు కార్బన్ల చక్కెర చేరిందని తెలుస్తుంది కానీ అది గ్లూకోజో గెలాక్టోజో బరువును బట్టి చెప్పలేము, ఎందుకంటే రెంటి పరమాణువులూ అవే.

ప్రశ్న: మా నమూనాలో చాలా పెప్టైడ్లలో మిథియోనిన్ ఆక్సీకరణ, ఆస్పరాజిన్ డీఅమిడేషన్, కొన్నింటిలో యూబిక్విటిన్ గుర్తు కనిపించాయి. ఇవన్నీ కణంలో జరిగినవే అనుకోవచ్చా?
– పరిశోధక విద్యార్థి, హైదరాబాద్

జవాబు: అనుకోకూడదు. యంత్రం తూచేది తనకు అందిన దాన్ని. అది కణంలో మారిందా, మీ ట్యూబులో మారిందా అన్నది దానికి పట్టదు.

మూడింటిలో నాకు ఎక్కువ అనుమానం కలిగించేది యూబిక్విటిన్. 76 అమైనో ఆమ్లాల ఈ చిన్న ప్రోటీన్ లైసిన్‌కు అతుక్కున్నాక ట్రిప్సిన్ దాన్ని కోసేస్తే, ఆ లైసిన్ మీద రెండు గ్లైసిన్లు తోకలా మిగులుతాయి, 114.0429 పెరుగుతుంది. సిస్టీన్లను కప్పి ఉంచడానికి అందరూ వాడే అయోడోఎసిటమైడ్ ఒక్కసారి చేరితే 57.0215 పెరుగుతుంది. అది ఎక్కువ మోతాదులో, వేడి మీద వాడినప్పుడు ఒకే లైసిన్‌కు రెండుసార్లు చేరితే పెరుగుదల సరిగ్గా 114.0429 అవుతుంది. రెండు గ్లైసిన్లలోనూ, ఆ రెండు చేరికల్లోనూ ఉన్న పరమాణువులు సమానం కాబట్టి ప్రపంచంలోని అతి కచ్చితమైన యంత్రం కూడా బరువుతో వాటిని వేరు చేయలేదు. క్లోరోఎసిటమైడ్‌కు మారి, గది ఉష్ణోగ్రతలో, తక్కువ సమయం పాటు చేసి చూడండి. అప్పుడు మాయమైన గుర్తులు మీ ట్యూబులో పుట్టినవే.

మిథియోనిన్ గాలి తగిలితే చాలు ఆక్సిజన్‌ను పట్టుకుంటుంది, నమూనాను తుంపరగా యంత్రంలోకి పంపే ఎలక్ట్రోస్ప్రే సూది దగ్గర కూడా పట్టుకోగలదు. 15.9949 పెరుగుదల మిథియోనిన్ మీదే ఉందని నిర్ధారించుకోవడానికి 64 డాల్టన్లు కోల్పోయిన ముక్క కోసం వెతకండి. ఎలనీన్ బదులు సెరీన్ వచ్చిన జన్యు తేడా కూడా అంతే బరువును చూపుతుందని మరవకండి.

డీఅమిడేషన్ వల్ల, అంటే ఆస్పరాజిన్ ఆస్పార్టిక్ ఆమ్లంగా మారడం వల్ల, పెరిగేది 0.9840. మారని పెప్టైడ్‌లోనే మామూలు కార్బన్ బదులు కాస్త బరువైన కార్బన్-13 ఒకటి ఉంటే పెరిగేది 1.0034. ఈ రెండో శిఖరాన్ని డీఅమిడేషన్‌గా పొరబడే సాఫ్ట్‌వేర్ ఫలితాలు తరచూ ఎదురవుతాయి కనుక ముందు అసలు వర్ణపటాన్ని మీ కళ్లతో చూడండి. నిజంగా డీఅమిడేషనే అయితే, నమూనాలో సగాన్ని, మామూలు దానికన్నా బరువైన ఆక్సిజన్-18 ఉన్న నీటిలో ట్రిప్సిన్‌తో కోయండి. డీఅమిడేషన్‌లో నీటి నుంచి ఒక ఆక్సిజన్ చేరుతుంది కనుక కోత సమయంలో జరిగిన మార్పు 2.988 పెంచుతుంది, అంతకు ముందే జరిగినది 0.984 దగ్గరే ఉంటుంది. ట్రిప్సిన్ కూడా పెప్టైడ్ చివర ఒకటో రెండో ఆక్సిజన్-18లను చేర్చుతుంది కాబట్టి ఆ 2, 4 డాల్టన్లను లెక్కలో మినహాయించుకోవాలి.