గీత ఎటు పోతోందో ముందు రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. సొంతంగా విల్లు చెక్కుకున్న సంబరం రాసిన మొదటి పేజీ చాలా బావుంది, దాన్ని ముట్టుకోకు. ఇబ్బందంతా మూడో పేజీలో ఉంది. ‘లింబ్ (విల్లులో పిడికి పైనా కిందా వంగే భాగం) మీద పగులు వచ్చింది, సూపర్ గ్లూ పోసి దారం చుట్టాను, సరిపోయింది’ అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. కానీ చదివేవాడు వచ్చేది ఆ వాక్యం కోసమే. అతని చేతిలోనూ ఒక విల్లుంటుంది, దాని మీదా ఒక గీత ఉంటుంది. అది ఏ గీతో తెలియక టెన్షన్ పడుతుంటాడు.

ముందు ఆ గీత ఏ ముఖం మీద ఉందో రాయి. నారి లాగినప్పుడు బాణం వెళ్లే వైపున్న బయటి ముఖం సాగుతుంది, మన వైపున్న లోపలి ముఖం నొక్కుకుపోతుంది. బయటి ముఖం మీద పేడు లేచిందంటే చెక్కేటప్పుడు వార్షిక వలయాన్ని కోసేసి ఉంటావు, లేదా చెక్క పోగు ఏటవాలుగా అంచు దాటి పోయి ఉంటుంది. దూది ఉండతో మెల్లగా తుడుచుకుంటూ పోతే కంటికి కనబడని పేడు కూడా దూదిని పట్టుకుంటుంది. పోగు వెంటే నిలువుగా, అంచు దాకా పోకుండా ఆగిన సన్నని చీలిక అయితే అది చెక్క ఎండేటప్పుడు పడ్డది కావచ్చు. చాలాసార్లు దానితో ప్రమాదం ఉండదు.

లోపలి ముఖం మీద అడ్డంగా వచ్చే వెంట్రుకల్లాంటి గీతల సంగతి వేరు. అవి చెక్క పోగులు నలిగి పడ్డ ముడతలు. చూడ్డానికి వార్నిష్ పొర చిట్లినట్టే ఉంటాయి. లైటు పక్క నుంచి పడేలా పట్టుకుని, లింబ్ పొడుగునా గోరు నడిపిస్తే ఆ గీతల దగ్గర గోరు తట్టుకోవచ్చు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, నేను మొదట్లో రాసిన ఒక వ్యాసంలో ‘గీత కనబడగానే జిగురు నింపండి’ అని రాశాను. ఒకతను అది నమ్మి, లోపలి ముఖం ముడతల్లో జిగురు నింపి విల్లు లాగాడు. పైలింబ్ ఫట్‌మని విరిగిందని ఉత్తరం రాశాడు. దెబ్బ తగల్లేదట. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గరుంది.

నలిగిన పోగును జిగురు బాగుచెయ్యలేదు. ముడతలు పడ్డచోట లింబ్ మిగతా భాగం కన్నా ఎక్కువ వంగుతోంది, అసలు జబ్బు అదీ. ముడతలు లోతుగా లేకపోతే, అక్కడ ఇంకేమీ గీకకుండా, దానికి అటూ ఇటూ బిగుసుకుని ఉన్నచోట లోపలి ముఖం నుంచి కొంచెం కొంచెంగా చెక్క తీసి ఆ వంపును లింబంతా పంచాలి. విల్లు బలం తగ్గుతుంది, 45 పౌండ్ల బలంతో లాగాల్సింది 40కి దిగొచ్చు. ఆ మాట దాచకు, అది తెలిసే జనం పని మొదలెట్టాలి. ముడతలు లోతుగా ఉన్నా, బయటి ముఖం మీద అడ్డంగా పగులు కనబడినా ఆ విల్లును పక్కన పెట్టమనే రాయి.

నీ పేడు సంగతి రాసేటప్పుడు మాత్రం తొందరపడకు, అక్కడ నీ చేతులు కనబడాలి. లింబ్‌ను కాస్త వంచితే పేడు నోరు తెరుస్తుంది. నీళ్లలా పలచగా ఉండే గ్లూ ఒక్కో చుక్కా వేస్తుంటే లోపలికి పీల్చుకుంటుంది. వంపు వదిలేసి, మైనం కాగితం అడ్డం పెట్టి క్లాంప్ బిగించాలి. బాగా ఆరాక గరుకు కాగితంతో పైపైన రుద్ది, పట్టుదారాన్నో నారదారాన్నో పేడు రెండు చివర్లూ దాటేదాకా పక్కపక్కన బిగుతుగా చుట్టి, దాన్నీ జిగురుతో తడపాలి. తర్వాత చేత్తో లాగకూడదు. విల్లును స్టాండుకి బిగించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా దూరం నుంచి కొంచెం కొంచెం లాగి చూడాలి. ఇది నువ్వు చేశావో లేదో వ్యాసంలో ఎక్కడా లేదు.

‘సరిపోయింది’ అన్నావు. ఎన్ని బాణాలు వేశాక? పది వేశాకా, ఐదొందలు వేశాకా? ఆ అంకె లేకపోతే ఆ వాక్యం తీసెయ్.

నువ్వు పంపిన ఫొటోలో గీత దారం చుట్టు కింద దూరిపోయింది, అంచు దాకా వెళ్లిందో లేదో తెలియడం లేదు. రెండో ప్రతితో పాటు పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి పంపు. అప్పటిదాకా ఆ విల్లుకి నారి ఎక్కించకు.

మీ అన్న