నీ గ్రహాంతరవాసికి ఏం తెలియదు?

తమ్ముడూ,

స్క్రిప్టు చదివాను. మనిషిని వేరే గ్రహం వాడి కళ్లతో చూపించాలన్న నీ తపన నచ్చింది. ఇబ్బందల్లా పెళ్లి సీనుతోనే. నీ గ్రహాంతరవాసి అక్కడ కట్నం మీద ఉపన్యాసం ఇచ్చాడు. మాటలన్నీ న్యాయమే, కానీ అవి నీవి. భూమ్మీద దిగి వారం కానివాడికి కట్నమంటే ఏం తెలుస్తుంది? ఒక బ్యాగు చేతులు మారడం చూస్తాడు. ఇచ్చినాయన కళ్లు ఎందుకు చెమర్చాయో, తీసుకున్నాయన ఎందుకు నవ్వుతున్నాడో వాడికి అంతుపట్టకూడదు. అప్పుడు ఆలోచించే పని ప్రేక్షకుడి మీద పడుతుంది.

జొనాథన్ గ్లేజర్ 2013లో తీసిన 'అండర్ ద స్కిన్' చూడు. స్కార్లెట్ జొహాన్సన్ ఆడమనిషి రూపంలో ఉన్న గ్రహాంతరవాసి. స్కాట్లాండ్‌లో వ్యాన్ నడుపుతూ ఒంటరి మగవాళ్లను ఎక్కించుకుంటుంది. వ్యాన్‌లో రహస్య కెమెరాలు పెట్టి తీశారు, ఆమెతో మాట్లాడిన వాళ్లలో కొందరికి అది సినిమా అని తర్వాతే తెలిసింది. అందులో సముద్రం ఒడ్డున ఒక సీను ఉంది. కుక్క అలల్లో కొట్టుకుపోతుంటే దాని కోసం భార్య, ఆమె కోసం భర్త నీళ్లలోకి వెళ్తారు. ఈదుతున్న ఇంకొకాయన భర్తను ఒడ్డుకు లాక్కొస్తే, అతను మళ్లీ భార్య వైపే పరిగెడతాడు. అలసిపోయి పడున్న ఆ ఈతగాణ్ణి గ్రహాంతరవాసి రాయితో కొట్టి ఈడ్చుకుపోతుంది. ఒడ్డున పసిబిడ్డ గుక్కపట్టి ఏడుస్తూనే ఉంటుంది. ఆమె పట్టించుకోదు. సంగీతంతో, డైలాగుతో దర్శకుడు మనకు ఏ సాయమూ చేయడు. పసిబిడ్డ ఏడుపు వింటే మనం దాన్ని వదిలి వెళ్లలేమన్న సంగతి, ఆమె కాళ్లు ఆగకపోవడం వల్లే నాకు అంత గట్టిగా తెలిసింది. ఇంత భయపెట్టిన సీను నేను తక్కువ చూశాను.

జాన్ సేల్స్ 1984లో తీసిన 'ది బ్రదర్ ఫ్రమ్ అనదర్ ప్లానెట్' దారి వేరు. అందులో నల్లజాతి మనిషిలా కనిపించే గ్రహాంతరవాసి న్యూయార్క్‌లోని హార్లెమ్ చేరతాడు. అతనికి మాట రాదు. అందుకే బార్‌లో అందరూ తమ గోడు అతనికి చెప్పుకుంటారు. అతను బానిసత్వం నుంచి పారిపోయి వచ్చాడని మనకు తెలిసేది కూడా మాటతో కాదు, పారిపోతున్న బానిస బొమ్మ వైపు అతను చూపించే వేలితో.

మనవాళ్లందరికీ తెలిసిన హిందీ సినిమా 'పీకే' కూడా అందులోని గ్రహాంతరవాసికి ఆ అమాయకత్వం ఉన్నంతసేపూ గొప్పగా నడుస్తుంది. పోయిన వస్తువును దేవుడే ఇప్పించాలని ఎవరో అంటే, నిజమేననుకుని దేవుణ్ణి వెతుక్కుంటూ బయల్దేరతాడు. చివర్లో టీవీ చర్చ దగ్గరికి వచ్చేసరికి నాకు ఆ పట్టు సడలినట్టు అనిపించింది.

నీ ఆస్పత్రి సీను మాత్రం చాలా బాగుంది. ఐసీయూ బయట ముసలాయన ఫోన్ చేసిన ప్రతివాళ్లకీ "బాగానే ఉంది, కంగారు పడకండి" అని చెప్తుంటాడు, నీవాడు పక్కనే కూర్చుని వింటుంటాడు. అంతవరకూ ఉంచు. ఆ తర్వాత "మనుషులు ప్రేమతోనే అబద్ధాలాడతారు" అని వాడిచేత అనిపించావే, అది కొట్టెయ్. పెళ్లి సీను కూడా తిరగరాసి రెండూ కలిపి పంపు. టెన్షన్ పడకు, తొందరేం లేదు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య