తెలుగులో దుఆ (అల్లాహ్‌ను వేడుకోవడం) చేసుకోవచ్చా?

ప్రశ్న: నాకు అరబ్బీ రాదు. నమాజు అయ్యాక తెలుగులో అడుక్కుంటే చెల్లుతుందా? మా అబ్బాయి ఉద్యోగం కోసం ఆరు నెలలుగా దుఆ చేస్తున్నా. ఫలితం లేదు, టెన్షన్‌గా ఉంది.
– ఒక సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: నిక్షేపంగా అడగండమ్మా. నమాజు లోపల పఠించేవి అరబ్బీలోనే. సలాం చెప్పి నమాజు ముగించాక చేసుకునే దుఆ మీ భాషలో చేసుకోవచ్చు. మా నానమ్మ ఇషా (రాత్రి నమాజు) అయ్యాక జానిమాజ్ (నమాజు చాప) మీదే కూర్చుని, రెండు చేతులూ చాచి, "యా అల్లాహ్, బర్రె సుఖంగా ఈనాలి, నా మోకాలి నొప్పి తగ్గాలి" అని గొణుక్కునేది. పక్కన పడుకున్న నాకే సగం వినబడేది కాదు. వినయంగా, రహస్యంగా వేడుకోమని ఖుర్ఆన్ (7:55) చెప్పింది కూడా అదే.

ముందు అల్లాహ్‌ను స్తుతించి, దరూద్ (ప్రవక్తకు శుభాలు కోరే ప్రార్థన) చదివి, తర్వాత మీ అవసరం చెప్పుకోండి. "నీకిష్టమైతే ఇవ్వు" అనకండి. నిశ్చయంగా అడగమని హదీసు (ప్రవక్త ప్రవచనం). మొహమాటం మనుషుల దగ్గర.

ఇక ఆరు నెలల సంగతి. "అడిగాను, ఇవ్వలేదు" అని తొందరపడి మానేయడాన్నే ప్రవక్త (స) వారించారు. అడిగింది ఇవ్వడమో, అంతటి కీడు తప్పించడమో, పరలోకానికి దాచడమో జరుగుతుందని మరో హదీసు. అబ్బాయిని దరఖాస్తులు మాత్రం ఆపనివ్వకండి. అజాన్‌కూ (నమాజు పిలుపు) ఇఖామత్‌కూ (నమాజు మొదలయ్యే ముందు చెప్పే రెండో పిలుపు) మధ్య చేసే దుఆ తోసిపుచ్చబడదంటారు. ఆ కాసేపూ వంటింట్లోకి వెళ్లకుండా కూర్చోండి.