అబద్ధం చెప్పలేనివాడు వ్యాపారంలో నెగ్గుతాడా?

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ చివరి సంవత్సరం. ఎంబీఏ చేస్తానంటున్నాడు. మనిషి మెతక. ఎదురు చెప్పలేడు, అబద్ధం ఆడలేడు. ఫైనాన్స్ మంచిదా, కొత్తగా వస్తున్న ‘బాధ్యతాయుత నాయకత్వం’ స్పెషలైజేషన్ మంచిదా? – ఒక తండ్రి

జవాబు: అయ్యా, మీరు అడిగింది కోర్సుల గురించి. మీ దిగులు మాత్రం నిజాయితీపరుడు వ్యాపారంలో నలిగిపోతాడేమోనని. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి, కోర్సు పేరే మారుతుంటుంది.

ఆ కొత్త స్పెషలైజేషన్ మీద నాకు అంత గురి లేదు. విలువలు పాఠంగా చదివితే అబ్బేవైతే, అమెరికా ఇంధన సంస్థ ఎన్రాన్ కూలేది కాదు. 2000లో ఆ సంస్థ ఉద్యోగులకు 64 పేజీల నీతి నియమావళి ఇచ్చింది. మరుసటి ఏడాది డిసెంబరులో దివాలా తీసింది. దాన్ని నడిపిన జెఫ్రీ స్కిల్లింగ్ హార్వర్డ్‌లో ఎంబీఏ చేసినవాడు. అతను జైలుకు వెళ్లింది తెలివి చాలక కాదు.

అదే సంస్థలో షెరన్ వాట్కిన్స్ అనే వైస్ ప్రెసిడెంట్ ఉండేవారు. లెక్కల్లో మోసాన్ని పసిగట్టి 2001 ఆగస్టులో ఛైర్మన్‌కు ముందు పేరు లేకుండా లేఖ రాశారు. తర్వాత స్వయంగా కలిసి చెప్పారు. ఆమె గతంలో ఆడిటర్. లెక్కలు చదవడం రాకపోతే నిజాయితీ ఎంత ఉన్నా ఆ మోసం కంటపడేది కాదు. కాబట్టి నా ఓటు ఫైనాన్స్‌కే. ఆమె చెప్పినా సంస్థ నిలబడలేదన్నది కూడా దాచను.

ఇక మీ మాట. అబద్ధం ఆడలేకపోవడాన్ని మీరు కొడుకు లోపాల్లో రాశారు. ఉత్తరం మరోసారి చదువుకోండి. మెతకదనం వేరు, నిజాయితీ వేరు. రెండూ కలిపి కట్టేసి పిల్లవాడికి ‘నీకు లోకం తెలియదు’ అనే బిరుదు ఇచ్చి ఉంటారు. నిజాయితీ అతనికి ఉంది. లేనిది ధైర్యం, అది అలవాటుతో వస్తుంది. ధైర్యమైన పనులు చేస్తూ చేస్తూ ధైర్యవంతులం అవుతామని అరిస్టాటిల్ ఏనాడో చెప్పాడు.

నెగ్గుకొస్తాడా అన్నదే మీ అసలు దిగులు. 1982లో అమెరికాలో ఎవరో టైలెనాల్ అనే నొప్పి మందు గుళికల్లో సైనైడ్ కలపడంతో ఏడుగురు చనిపోయారు. తప్పు తమది కాకపోయినా ఆ మందు అమ్మే జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ దాదాపు 3 కోట్ల 10 లక్షల సీసాలు వెనక్కి రప్పించింది. ఖర్చు 10 కోట్ల డాలర్లు దాటింది. తర్వాత కొనుగోలుదారులు ఆ మందు దగ్గరికే తిరిగి వచ్చారు. అన్నిసార్లూ ఇలాగే జరుగుతుందని మాట ఇవ్వలేను. నిజాయితీ ఉన్నవాడికి వ్యాపారంలో చోటే లేదన్న భయం మాత్రం వదిలేయండి.

ప్రవేశానికి ముందు ఒక ఏడాది ఎక్కడైనా లెక్కల విభాగంలో పని చేయనివ్వండి. ‘ఈ అంకె నాకు అర్థం కాలేదు, వివరించండి’ అని పెద్దవాళ్లను అడగడం అక్కడ అలవాటవుతుంది. ఆ సాధన ఇంట్లోనే మొదలుకావచ్చు. రేపు మీ ముందు నిలబడి ఫైనాన్స్ వద్దన్నా, అసలు ఎంబీఏనే వద్దన్నా, మాట పూర్తయ్యేదాకా వినండి.