ఆరు నెలలు పేపర్ చదివినా జీకే ఎందుకు నిలవడం లేదు?

ప్రశ్న: బీకాం రెండో సంవత్సరం చదువుతున్నాను. గ్రూప్-2 లక్ష్యంగా ఆరు నెలల నుంచి రోజూ రెండు దినపత్రికలు చదివి, గంటసేపు కరెంట్ అఫైర్స్ వీడియో చూసి నోట్స్ రాసుకుంటున్నాను. నాలుగు లాంగ్ నోట్‌బుక్స్ నిండాయి. ఈమధ్య రాసిన మాక్ టెస్టులో జనరల్ స్టడీస్‌కు 150కి 58 వచ్చాయి. అన్నీ చదివినవే అనిపిస్తోంది కానీ జవాబు తట్టడం లేదు. కాలేజీ పోను రోజుకు గంటన్నర మించి దొరకదు. ఎలా చదవాలి?
– ఒక విద్యార్థిని, జగిత్యాల

జవాబు: ఆ నాలుగు నోట్‌బుక్స్ ఒకసారి తెరిచి చూడండి. పైన తేదీ, కింద ఆ రోజు వార్తలన్నీ ఉంటాయి: ఒక నియామకం, ఒక క్రీడా అవార్డు, రెపో రేటు, ఎక్కడో తుపాను. పరీక్షలో తేదీల వారీగా ఎవరూ అడగరు. కృష్ణా జలాల సంగతి మార్చిలో ఒక పుస్తకంలో, ఆగస్టులో ఇంకో పుస్తకంలో రాసి ఉంటే ఆ రెండూ మీ బుర్రలో ఎప్పటికీ కలవవు. పైగా పత్రిక ఎదురుగా పెట్టుకుని రాయడమంటే చూసి ఎత్తి రాయడమే. చేతికి పని, బుర్రకు సెలవు.

'చదివినవే అనిపిస్తోంది, జవాబు తట్టడం లేదు' అన్న మాటలోనే అసలు విషయం ఉంది. గుర్తుపట్టడం వేరు, గుర్తుతెచ్చుకోవడం వేరు. మళ్లీ మళ్లీ చదివితే మొదటిది పెరుగుతుంది. పుస్తకం మూసి చెప్పుకుంటేనే రెండోది వస్తుంది. పరీక్షలో నాలుగు ఆప్షన్లూ తెలిసిన ముఖాల్లాగే కనిపిస్తాయి కనుక, గుర్తుపట్టే జ్ఞాపకం ఒక్కటే ఉన్నవాళ్లు అక్కడే బోల్తా పడతారు.

ఇంకో లోపం వార్త తగిలించడానికి చిలక్కొయ్య లేకపోవడం. ఆ కొయ్యలు పత్రికలో దొరకవు, బడి పుస్తకాల్లో ఉంటాయి. ఆరు నుంచి పదో తరగతి వరకు ఎస్‌సీఈఆర్‌టీ సోషల్, సైన్స్ పుస్తకాలు తెచ్చుకోండి. ముందు సోషల్ పట్టండి. పాఠానికి రెండు రోజులు వేసుకున్నా ఐదు తరగతులూ ఏడాదిలోపు అయిపోతాయి. డిగ్రీలో ఉండి ఆరో తరగతి పుస్తకమా అని నామోషీ పడకండి. అక్షాంశాలు, రుతుపవనాలు, పంచాయతీ వ్యవస్థ అక్కడ ఉన్నంత తేలిగ్గా ఇంకెక్కడా ఉండవు.

ఇది ఎలా పనిచేస్తుందో ఒక వార్తతో చూద్దాం. వానాకాలంలో ఏటా కనిపించేదే: 'శ్రీశైలానికి భారీ వరద, గేట్లు ఎత్తివేత'. మామూలుగా అయితే ఇన్‌ఫ్లో ఇంత, అవుట్‌ఫ్లో ఇంత అని రాసుకుని వదిలేస్తారు. ఆ అంకెలు మర్నాటికే మారిపోతాయి, వాటితో పనిలేదు. మారనివి పట్టుకోండి.

ముందు ఒక తెల్లకాగితం మీద నది గీయండి. కృష్ణ మహాబలేశ్వర్ దగ్గర పుట్టి మహారాష్ట్ర, కర్ణాటక దాటి మన దగ్గరికి వస్తుంది. దాని మీద ఎగువ నుంచి వరుసగా ఆలమట్టి, నారాయణపూర్, జూరాల, శ్రీశైలం, నాగార్జునసాగర్, పులిచింతల, ప్రకాశం బ్యారేజీ. తుంగభద్ర జూరాలకు దిగువన, శ్రీశైలానికి ఎగువన కలుస్తుంది. అందుకే పత్రికలో 'జూరాల నుంచి, సుంకేశుల (తుంగభద్ర మీది బ్యారేజీ) నుంచి' అని రెండు లెక్కలు ఇస్తారు. ప్రాజెక్టులను ఎగువ నుంచి దిగువకు అమర్చమనే ప్రశ్నకు ఈ బొమ్మ ఒక్కటి చాలు.

తర్వాత కొలతలు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులు, నిల్వ సుమారు 215 టీఎంసీలు. సాగర్‌కు 590 అడుగులు, 312 టీఎంసీలు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు, క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపుటడుగు. రోజుకు 86,400 సెకన్లు. అంటే లక్ష క్యూసెక్కులు రోజంతా పారితే 8.64 టీఎంసీలు. ఈ గుణకారం ఒక్కసారి మీరే చేయండి. నాలుగు లక్షల క్యూసెక్కుల వరద ఖాళీ శ్రీశైలాన్నయినా దాదాపు ఆరు రోజుల్లో నింపేస్తుందని తేలాక, పత్రికలోని అంకెలు మీతో మాట్లాడతాయి.

ఆపైన పాలిటీ, అంటే రాజ్యాంగం, పాలన. రాష్ట్రాల మధ్య నదీజలాల తగాదాకు రాజ్యాంగంలో 262వ అధికరణ, దాని కింద 1956 నాటి అంతర్రాష్ట్ర నదీజల వివాదాల చట్టం. 1969లో ఏర్పడిన బచావత్ ట్రైబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 811 టీఎంసీలు ఇచ్చింది. విభజన తర్వాత తాత్కాలిక సర్దుబాటుగా ఆంధ్రప్రదేశ్‌కు 512, తెలంగాణకు 299 అన్నారు. కేసు ఇప్పుడు బ్రిజేశ్ కుమార్ ట్రైబ్యునల్ ముందుంది. కృష్ణా నదీ యాజమాన్య బోర్డు 2014 పునర్విభజన చట్టం ద్వారా వచ్చింది.

చూశారా, ఒక్క వార్తలో భూగోళం, లెక్కలు, రాజ్యాంగం, రాష్ట్ర చరిత్ర అన్నీ ఉన్నాయి. రోజుకు ఇలాంటిది ఒక్కటే చేయండి. మిగతావి పైపైన చదివితే చాలు.

పత్రిక ఒక్కటే ఉంచుకోండి, దానికి ముప్పై అయిదు నిమిషాలు. వీడియో మానేయండి. మీరు చదివినదాన్నే ఇంకొకరు గంటసేపు చదివి వినిపించడం తప్ప అందులో ఉండేది తక్కువ. ఏ వార్త వదలాలో తెలియక చాలామంది అన్నీ చదువుతారు. దానికో చిన్న గుర్తు ఉంది: ఎవరో ఏదో 'అన్నారు', 'మండిపడ్డారు', 'సవాలు విసిరారు' అని ముగిసే వార్తను దాటేయండి. నిర్ణయించింది, తీర్పు ఇచ్చింది, నియమించింది, విడుదల చేసింది, ప్రయోగించింది అనే క్రియ ఉంటే ఆగండి. మొదటి పేజీలో సగం ఈ జల్లెడలోనే పోతుంది.

సాయంత్రం నలభై నిమిషాలు పాఠ్యపుస్తకానికి. పడుకునే ముందు పదిహేను నిమిషాలు మాత్రం రోజంతటిలోకీ విలువైనవి. పత్రిక, పుస్తకం రెండూ పక్కన పెట్టి, ఆ రోజు చదివింది ఖాళీ కాగితం మీద రాయండి. రానివి రానట్టే వదిలి, అప్పుడు తెరిచి ఎర్ర పెన్నుతో నింపండి. మొదటి వారం కాగితమంతా ఎరుపే ఉంటుంది, చిరాకు వస్తుంది. చాలామంది ఇక్కడే మళ్లీ చూసి రాయడానికి వెళ్లిపోతారు. ఆ ఎరుపే మీ నోట్స్, మిగతాది మీకు వచ్చినదే.

నోట్స్‌కు పుస్తకం బదులు విడి కాగితాలు, ఒక ఫైలు వాడండి. కాగితానికి ఒక్కటే అంశం: కృష్ణా నది, ఆర్థిక సంఘం, గవర్నర్ అధికారాలు, ఉపగ్రహ ప్రయోగాలు. కొత్త వార్త వస్తే కొత్త కాగితం తీయకుండా పాతదాని మీదే చేర్చండి. మారనిది పెన్నుతో, మారేది పెన్సిల్‌తో, పక్కన నెల, సంవత్సరం వేసి రాయండి. ఆర్థిక సంఘం 280వ అధికరణ కిందిది, ఇది పెన్ను. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాలకు 15వ సంఘం చెప్పిన 41 శాతం 2021-26కు, ఇది పెన్సిల్. కృష్ణాలో 512, 299 కూడా పెన్సిలే, ట్రైబ్యునల్ తేల్చాక మారొచ్చు. పాత అంకెను కొత్తదనుకుని తప్పు జవాబు పెట్టడం మాక్ టెస్టుల్లో తరచూ కనిపించే తప్పు. మీ జవాబు పత్రం తీసి చూడండి, కొన్నయినా అవే అయి ఉంటాయి.

రాసిన కాగితాన్ని మర్నాడు, వారానికి, నెలకు మళ్లీ చూడాలి. చూడాలంటే చదవాలని కాదు. పైనున్న శీర్షిక మాత్రం చూసి మిగతాది నోటితో చెప్పి, తర్వాత సరిచూసుకోవాలి. తేదీలు మూలన రాసుకుంటే సరిపోతుంది. ఆదివారం రెండు గంటలు తీసి గంట వీటికి, గంట పబ్లిక్ సర్వీస్ కమిషన్ పాత ప్రశ్నపత్రానికి ఇవ్వండి. పాత పేపర్‌లో జవాబు సరిపోయినా ఆగకండి. మిగతా మూడు ఆప్షన్లు ఏమిటో, ఎందుకు కావో ఒక్కో ముక్క చెప్పగలగాలి. అలా చేస్తే 150 ప్రశ్నల పేపర్ నాలుగైదు ఆదివారాలు పడుతుంది. పట్టనివ్వండి.

ఈ శ్రమ జనరల్ స్టడీస్ ఉన్న పేపర్-1కే పరిమితం అనుకోకండి. తెలంగాణ గ్రూప్-2లో ఒక్కోటి 150 మార్కుల చొప్పున నాలుగు పేపర్లు, మొత్తం 600. చరిత్ర, పాలిటీ ఉన్న రెండో పేపర్, ఎకానమీ ఉన్న మూడో పేపర్ ఇదే ఫైలు మీద నిలబడతాయి. బీకాం కనుక బడ్జెట్, పన్నుల కాగితాలు మీకు తొందరగా కుదురుతాయి. సైన్స్ దగ్గర మాత్రం తడబడతారు. ఎనిమిది, తొమ్మిది తరగతుల జీవశాస్త్రం ఆలస్యం చేయకండి.

మీరు అడగకపోయినా ఒక మాట. తెలుగు మీడియం వాళ్లు పదాల దగ్గర మార్కులు పోగొట్టుకుంటారు. ఫిస్కల్ డెఫిసిట్‌ను ఒక పుస్తకం కోశ లోటు అంటుంది, పత్రిక ద్రవ్యలోటు అంటుంది, ఇంకొకచోట విత్త లోటు. ప్రశ్నపత్రంలో ఏది వస్తుందో చెప్పలేం. కాబట్టి ప్రతి కాగితం చివర మూడు నాలుగు పదాలకు ఇంగ్లిష్ మాట కూడా రాసి పెట్టుకోండి. పరీక్షలో తెలుగు వాక్యం తికమకగా ఉంటే పక్కనే ఉన్న ఇంగ్లిష్ వాక్యం చూడటానికి అప్పుడు పనికొస్తుంది.

పాత నోట్‌బుక్స్ పారేయకండి, అలాగని మొదటి నుంచి తిరగరాయడానికీ కూర్చోకండి. కొత్త కాగితం తీసినప్పుడు ఆ అంశం అందులో ఎక్కడ ఉందో వెతికి, పనికొచ్చే రెండు ముక్కలు ఎత్తి రాసుకుని, అక్కడ ఒక గీత కొట్టేయండి.