చెస్ ఇంజిన్ల స్కోరు బయట పెడితే తప్పా?

గుణుపురం నుంచి ఒక మాస్టారి ప్రశ్న: సార్, ఆదివారాలు మా వీధి పిల్లలకి చెస్ నేర్పుతుంటాను. ఈమధ్య డబ్బులిచ్చి ఒక చెస్ ఇంజిన్ (తనంతట తానే చెస్ ఆడే కంప్యూటర్ ప్రోగ్రామ్) కొన్నాను, దాన్నీ ఫ్రీగా దొరికే స్టాక్‌ఫిష్ పాత వెర్షన్‌నీ రాత్రుళ్లు లాప్‌టాప్‌లో ఒకదాని మీదకి ఒకటి వదిలితే 200 గేములయ్యాయి. డ్రాకి అర పాయింటు లెక్కన ఫ్రీది 108, కొన్నది 92. పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో పెడదామనుకుంటే మా తమ్ముడు కొన్నదాని లైసెన్స్ చూపించాడు, రాతపూర్వక అనుమతి లేకుండా గేముల ఫలితాలు ప్రచురించకూడదంట. డబ్బులిచ్చి కొన్న వస్తువు ఓడిపోయిందని చెప్పుకోకూడదేటి?

మాస్టారూ, మీ ఆఖరి మాటకి నవ్వొచ్చింది గానీ డౌట్ మాత్రం గట్టిదే. ఇందులో రెండు ముళ్లున్నాయి, విడివిడిగా విప్పుకోవాలి. ఒకటి కాపీరైట్. గుర్రం ఎఫ్3కి వెళ్లింది, ఫలానాది గెలిచింది, ఇవన్నీ జరిగిన సంగతులు, వీటి మీద ఎవరికీ కాపీరైట్ ఉండదు. 2016లో కార్ల్‌సన్, కర్యాకిన్ ఆడిన ప్రపంచ చెస్ టైటిల్ మ్యాచ్ ఎత్తులు వేరే సైట్లు లైవ్‌లో చూపించకుండా ఆపమని నిర్వాహకులు న్యూయార్క్ కోర్టుకెళ్తే అక్కడి జడ్జి ఆపనన్నారు. మన 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 52 కూడా ప్రోగ్రామ్ ఎలా పనిచేస్తుందో పరీక్షించి చూసుకోనిస్తుంది.

మరి అడ్డమేటి అంటే, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు చదవకుండా మీరు నొక్కిన ఆ 'ఒప్పుకుంటున్నాను' బటనే. అద్దెకిచ్చేటప్పుడు ఇంట్లో నీసు వండకూడదంటాడు చూడండి ఇంటాయన, చేపలు తినడం నేరం కాదు, కానీ ఒప్పుకుని దిగాం కాబట్టి పేచీ వస్తుంది, ఇదీ అంతే. ఆన్‌లైన్లో చేసుకున్నంత మాత్రాన ఒప్పందం చెల్లకుండా పోదని మన ఐటీ చట్టం సెక్షన్ 10ఎ చెప్తోంది.

ఈ షరతు చెస్ వాళ్లు కనిపెట్టింది కాదులెండి. 1980లలో విస్కాన్సిన్ యూనివర్సిటీలో డేవిడ్ డివిట్ అనే ప్రొఫెసరు, ఆయనతో ఉన్నవాళ్లు డేటాబేస్ సాఫ్ట్‌వేర్లకి స్పీడ్ పరీక్ష పెట్టి పేర్లతో సహా బయట పెట్టారు, అందులో ఒరాకిల్ వెనకబడింది, ఆ తరవాత ఆ కంపెనీ లైసెన్సులో మా అనుమతి లేకుండా ఫలితాలు చెప్పకూడదని చేరిపోయింది. ఇప్పటికీ దాన్ని డివిట్ క్లాజ్ అనే అంటారు! 2018 ఆగస్టులో ఇంటెల్ ప్రాసెసర్ అప్‌డేట్‌కి ఇలాంటిదే తగిలిస్తే జనం దుమ్మెత్తిపోశారు, కొద్ది రోజుల్లోనే తీసేసింది. 2003లో న్యూయార్క్ కోర్టు ఒక యాంటీవైరస్ కంపెనీ పెట్టిన ఇలాంటి షరతు కొనేవాళ్లని తప్పుదోవ పట్టించేలా ఉందని కొట్టేసింది, కాకపోతే అది అక్కడి తీర్పు, మనకి వర్తించదు.

నన్నడిగితే కంపెనీకి ఒక మెయిల్ కొట్టండి, పిల్లల క్లాసు కోసం అని రాయండి, జవాబు వచ్చేదాకా ఆ ఇంజిన్ స్కోరు గ్రూపులో పెట్టకండి. స్టాక్‌ఫిష్‌కైతే ఈ గొడవ లేదు, అది జీపీఎల్ లైసెన్స్, అంటే ఎవరైనా వాడుకుని, మార్చుకుని, పంచుకోవచ్చని ఇచ్చేది, ఎన్ని గేములు ఆడించినా ఎక్కడ పెట్టినా అడిగేవాడు లేడు, రెండు వెర్షన్లని ఒకదానితో ఒకటి ఆడించి ఆ స్కోరు పెట్టుకోండి.

ఇంకో మాట, కోప్పడకండి. లైసెన్స్ ఒప్పుకున్నా మీ 108-92 ఇంకా వార్త కాదు. అది సుమారు 28 ఈలో (ఆట బలాన్ని కొలిచే పాయింట్లు) తేడా, 200 గేములకి పొరపాటు అటూ ఇటూ 35 నుంచి 50 దాకా ఉంటుంది, అంటే ఏది గట్టిదో ఇంకా తేలనట్టే. వెయ్యి దాటించండి, టైమ్ కంట్రోల్ (గేముకిచ్చిన టైమ్) ఎంత, ఎన్ని థ్రెడ్లు (ఒకేసారి నడిచే లెక్కల వరసలు), హ్యాష్ మెమరీ (చూసిన పొజిషన్లు గుర్తుంచుకునే చోటు) ఎంత, ఓపెనింగ్ బుక్ (మొదటి ఎత్తుల జాబితా) ఏది, ఇవి కూడా రాయండి. రాత్రంతా నడిపేటప్పుడు లాప్‌టాప్ మంచం మీద మాత్రం పెట్టకండి బాబూ, ఫ్యాన్‌కి గాలాడదు.

రాయగడ నుంచి ఇంకొకరు: స్టాక్‌ఫిష్‌ని మా యాప్‌లో పెట్టి అమ్ముకోవచ్చా?

అమ్ముకోవచ్చు, కానీ కొన్నవాళ్లకి సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్ రాసిన అసలు రూపం) అందేలా చూడాలి, జీపీఎల్ లైసెన్స్ కాపీ కూడా జత చెయ్యాలి. స్టాక్‌ఫిష్ మీద కట్టి అమ్మిన ఫ్యాట్ ఫ్రిట్జ్ 2 అనే ఇంజిన్ విషయంలో ఈ షరతులు పాటించలేదని స్టాక్‌ఫిష్ వాళ్లు 2021లో చెస్‌బేస్ అనే కంపెనీ మీద జర్మనీలో కేసు వేశారు, 2022 నవంబర్‌లో రాజీ కుదిరింది. మీ యాప్‌లో 'అబౌట్' పేజీలోనే కోడ్ లింకూ లైసెన్స్ కాపీ పెట్టేయండి, పని అయిపోతుంది.